మోటారుకి తలస్నానం

"దీన్లో నా మీసం కనబడాలి," అన్నాడు మల్లేశ్వరరావు.

దీన్లో అంటే కారు వెనక బయటికి పొడుచుకొచ్చిన పొగగొట్టం కొసలో. పక్కపక్కన రెండు గొట్టాలు, వాటి కొసలకి నికెలు పూత. అతను నడుం వంచి ఒక్కొక్కదాన్నీ వేలి మెటికతో కొట్టి చూశాడు. మాట అన్నది భార్యతోనే గాని చూపు గొట్టాల మీద నించి తిప్పలేదు. ఉమామహేశ్వరి పాత పంచె ముక్క పట్టుకుని గోడవారగా నిలబడి, అలాగేనండీ అంది. అతను చేతులు దులుపుకుని కొట్టుకి వెళ్లిపోయాక చీర సర్దుకుని మళ్లీ కారు వెనక చతికిలబడింది. మెత్తగా నూరిన సుద్దపొడిలో రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, గుడ్డకి అద్ది, గుండ్రంగా తిప్పుతూ రుద్దడం మొదలెట్టింది. అప్పటికి ఆమెకి పదిహేడేళ్లు. మీసం మాట రోజూ వినడం తొమ్మిదో నెల.

ఆ ఎర్ర కారు వచ్చినప్పుడు తాడేపల్లిగూడెం బజారంతా దాని గురించే చెప్పుకున్నారు. ఎవరో జమీందారుగారబ్బాయి మద్రాసులో కొని, మోజు తీరాక అమ్ముకున్న పందెం కారు. ఊళ్లో మిల్లులవాళ్లకి మోటార్లు లేకపోలేదు గాని, అవన్నీ ఇంటిల్లిపాదినీ కుక్కుకుని వెళ్లే పెద్ద బళ్లు. దీనికి రెండే సీట్లు, పైన కప్పు లేదు. ముందు బానెట్టు గుర్రం మూతిలా పొడుగ్గా ఉండి, తోలు పటకాతో బిగించి ఉంటుంది. మామగారు కోదండరామయ్య బియ్యం వ్యాపారంలో తలపండిన మనిషి. బస్తా కూడా పట్టని బండి దేనికిరా అని ఒక్కసారి అని ఊరుకున్నారు. ఆవుల్ని పెరటి పాకలోకి తోలి, వీధివైపు సావిట్లో కారుని పెట్టారు. తుడవడానికి పెట్టిన మనిషి నెల తిరక్కుండా మానేశాడు. అప్పుడే అత్తగారు రత్నాంబ భోజనాల దగ్గర ఒక మాట అన్నారు. "పరాయివాళ్ల చేతులు దాని మీద ఎందుకురా? మన కోడలు గంగాళాలు తోమితే అద్దాలే కదా. ఆ గొట్టాలెంత."

మెచ్చుకున్నట్టే ఉంది ఆ మాట. ఆ ఇంట్లో మెచ్చుకున్న ప్రతిసారీ ఉమకి ఒక పని పెరిగేది. ముగ్గు బాగా వేస్తుందన్నారు, పక్కింట్లో ఉండే పినమామగారి వాకిలి కూడా తన వంతుకి వచ్చింది. కందిపొడి బాగా కొడుతుందన్నారు, ఏలూరు, అత్తిలి, తణుకుల్లో ఉన్న చుట్టాలందరి పొడులూ తన రోటి దగ్గరికి చేరాయి. పొద్దున లేచి కళ్లాపి దగ్గర్నించి మొదలెడితే, ఎనిమిది మందికి వండి వడ్డించి, తను తిని, వంటిల్లు కడిగేసరికి రెండు గంటలు. ఇదివరకు ఆ రెండు నించి మూడు దాకా పెరటి వసారాలో నడుం వాల్చేది. ఇప్పుడు ఆ గంట కారుది.

మొదటి వారంలోనే పొరపాటు జరిగింది. అత్తగారు దగ్గరుండి చింతపండూ ఇటికపొడీ ఇచ్చి, ఇత్తడి బిందెకి రుద్దినట్టు రుద్దమన్నారు. కుడివైపు గొట్టాన్ని ఉమ ఒళ్లు వంచి రుద్దింది. కడిగి చూస్తే తెల్లటి మెరుపు పోయి, బొట్టు బిళ్లంత మేర లోపలి ఇత్తడి పచ్చగా బయటపడింది. అత్తగారు వంగి చూసి, ఇదేం లోహమమ్మా అనుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రం మల్లేశ్వరరావు చూశాడు. "పల్లెటూరి చెయ్యి. కొల్లేటి బురదలో పెరిగిన చెయ్యి," అన్నాడు. ఇటికపొడి ఇచ్చినావిడ అక్కడే పత్తి ముందేసుకుని ఒత్తులు చేసుకుంటున్నారు. అత్తయ్యగారే చెప్పారండీ అని ఉమ అనలేదు. అంటే ఏమవుతుందో తెలుసు. పెద్దావిడ మీద చెబుతావా అని ఉన్న తప్పుకి ఇంకో తప్పు చేరుతుంది. నాలుగు రోజులు రకరకాలుగా చూసి, సుద్దపొడీ కిరసనాయిలూ అయితే పూత పోకుండా మెరుపొస్తుందని తనే కనిపెట్టింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇంజను పని ఇంకోలా ఆమె చేతిలోకి వచ్చింది. ఏలూరు నించి నెలకోసారి ఒక మేస్త్రీ రైల్లో వచ్చేవాడు. బానెట్టు ఎత్తి, పని చేస్తూనే యజమానికి అన్నీ విడమరిచి చెప్పేవాడు. ఇది కార్బొరేటరు, పెట్రోలూ గాలీ కలిసేది ఇందులో. ఇవి నాలుగు ప్లగ్గులు, నిప్పురవ్వ పుట్టేది వీటి కొసన. ఇది మాగ్నెటో, ఆ నిప్పుని పంపేది ఇదే, దీన్లో మాత్రం నీటిబొట్టు పడకూడదు బాబూ, పడితే మూత విప్పి తుడిచి, ప్లగ్గులు వెచ్చబెడితే గాని బండి కదలదు. మల్లేశ్వరరావు ఊఁ కొడుతూ, వీధిలో పోయేవాళ్లకేసి నవ్వుతూ తల ఊపేవాడు. సావిడి కిటికీ ఇవతల చేట ముందేసుకుని బియ్యం ఏరుకుంటున్న ఉమ ఒక్క ముక్క కూడా వదల్లేదు. ఊళ్లో బళ్లో అయిదో తరగతి దాకా చదివింది. లెక్క అందరికంటే ముందు అర్థమైనా, చెయ్యెత్తడానికి సిగ్గుపడి వెనక బల్లలోనే ఉండిపోయిన పిల్ల. మేస్త్రీ వెళ్లాక అతను చెప్పిన పేర్లన్నీ వేలితో తాకుతూ మనసులో అప్పజెప్పుకునేది.

తుడిచేటప్పుడు ఆ పేర్లే తోడు. వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసుకుని, కిరసనాయిల్లో ముంచి, వేలు దూరని సందుల్లోని జిడ్డంతా లాగేది. ఇనుప భాగాలకి కొద్దిగా నూనె చెయ్యి, రబ్బరు గొట్టాలకి పొడిగుడ్డ. ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, మసి గీకి, విప్పిన చోటే బిగించేది. అలా చేస్తుంటే ఒక్కోసారి గంట ఎలా గడిచిందో తెలిసేది కాదు. తనకి ఇష్టమైన పనేమో ఇది అని కూడా అనిపించేది. అంతలోనే లోపల్నించి పిలుపు. కాఫీ నీళ్లు పెట్టలేదేం? ఆ నూనె చేతులతో వంటింట్లోకి వస్తావా? స్నానం చేసి రా. రోజుకి రెండో స్నానం, తడి జుట్టు, మళ్లీ పొయ్యి.

ఎంత తోమినా గోళ్ల చివర నల్లటి గీత పోయేది కాదు. శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళితే, చేతికి గంధం రాస్తున్నావిడ ఆ వేళ్లు పట్టుకుని తిప్పి చూసి, మీ ఇంట్లో బొగ్గుల కొట్టు కూడా పెట్టారా వదినా అని రత్నాంబని అడిగింది. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వి, "దానికి మోటారంటే సరదా. వద్దన్నా వినదు," అన్నారు. ఉమ చేతులు కొంగులోకి లాక్కుంది. బొగ్గుల కొట్టు అన్నందుకు ఆమెకి పెద్ద బాధ లేదు. సరదా అన్న మాటే ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. వద్దన్నది ఎవరు? ఎప్పుడు? నడుం నొప్పిగా ఉందని ఒకరోజు ఊరుకుంటే, మీసం కనబడలేదని కంచం ముందు నించి లేచిపోయింది ఎవరు? నెలలో ఆ మూడు రోజులూ తను ముట్టుకోకూడదు గనక కారుకి దుమ్ము పట్టేది. నాలుగో రోజు స్నానం చేసి వచ్చేసరికి, ఈ మూడు రోజులూ హాయిగా కూర్చున్నావుగా అన్నట్టు సుద్దపొడి గిన్నె గడప దగ్గరే పెట్టి ఉండేది. ఎవరైనా స్నేహితులు వచ్చి కారుని మెచ్చుకుంటే మల్లేశ్వరరావు చొక్కా చేతులు పైకి మడిచి, నా చేత్తో నేనే చేసుకుంటాను, ఇంకొకరి పని నాకు నచ్చదు అనేవాడు. తలుపు వెనక కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉమ అతని గోళ్లు చూసేది. శుభ్రంగా, గులాబీ రంగులో ఉండేవి.

పక్క సీట్లో ఎవరెవరు కూర్చున్నారో తోలు మీది మరకల్ని బట్టి ఆమె చెప్పగలదు. స్నేహితుడు సుబ్బయ్య రాల్చిన ముక్కుపొడుం. మామగారి విభూతి. అత్తగారి తమలపాకుల సున్నం. ఇన్ని నెలల్లో ఆ సీట్లో కూర్చోనిది తనొక్కతే. కోడలు పిల్ల అంత బాహాటంగా కూర్చుని బజార్లోంచి వెళితే ఏం బావుంటుంది అన్నారు అత్తగారు, తను అదే సీట్లో కూర్చుని గుడికి వెళ్లొచ్చిన రోజున.

ఉమకి నగలు కావాలని లేదు, పట్టుచీరలు కావాలని లేదు. ఒక్కసారి ఆ కారు పరిగెడుతుంటే అందులో ఉండాలని ఉంది. ఆమె పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున చిన్న పల్లె. నాన్నది లంకల్లోవాళ్లకి ఉప్పూ పప్పూ అమ్మే చిన్న కొట్టు. సరుకు తీసుకుని దోనెలో వెళుతుంటే ఆమె ఎప్పుడూ ముందు కొసన కూర్చునేది. నీటి మీద నించి, తామరాకుల మీద నించి వచ్చే గాలి మొహానికి కొట్టి, కళ్లు సగం మూతపడి, జుట్టు వెనక్కి ఎగిరిపోయేది. ఈ ఇంటికి వచ్చాక ఆమె మొహానికి తగిలిన గాలి అంతా పొయ్యిలోంచి వచ్చిందే, ఊదుగొట్టంతో తను ఊదుకున్నదే.

ఆ సమయంలో ఏలూరు క్లబ్బువాళ్లు మోటార్ల పోటీ పెట్టారు. అన్నిటికంటే బాగా ఉంచుకున్న కారుకి వెండి కప్పు ఇస్తారట. బానెట్టు ఎత్తి లోపల కూడా చూస్తారట. మల్లేశ్వరరావు ఆ కాగితం చదివి, ఏనాడూ లేనిది వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఇదిగో, నెల రోజులుంది. తెల్లపంచె పెట్టి తుడిచినా ఇంజను మీద మరక అంటకూడదు. అలా చేశావంటే ఆ రోజు పక్క సీటు నీదే. ఏలూరు దాకా."

"నిజంగానాండీ?"

"నిజంగానే అంటున్నాగా."

రెండు రోజులాగి ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్నాడు. ఆ నెలంతా ఉమ మధ్యాహ్నం అన్నం మెతుకులు లెక్కపెట్టుకున్నట్టు తిని లేచిపోయేది. సైలెన్సరు గొట్టం పొడుగునా కారు కింద వెల్లకిలా పడుకుని మడ్డి గీకింది. పచ్చమచ్చ పడిన కొసని కూడా మెరిపించి, పూత పోయిన మేర తెలియకుండా చేసింది. పెరట్లో పేడ ఎత్తడానికీ, కారు చక్రాల బురద కడగడానికీ వచ్చే యేసమ్మకి మాత్రమే సంగతి చెప్పింది. యేసమ్మని ఆ ఇంట్లో చక్రాల దాకానే ముట్టుకోనిచ్చేవారు. అద్దం ముందు తల దువ్వుకోవడం కూడా సిగ్గుపడే ఈ కోడలుపిల్ల మొహంలో వెలుగు చూసి ఆవిడ నవ్వింది. "జుట్టు గట్టిగా ముడేసుకోండమ్మా, ఆ గాలికి ఆగదు," అని, కాసేపాగి, "ఎక్కాక చెప్పండి, అప్పుడు నమ్ముతాను. నేను చక్రాల దాకా, మీరు ఇంజను దాకా. ఎక్కేవాళ్లు ఎప్పుడూ వేరే," అంది.

పోటీకి ముందు రోజు సాయంత్రం కారు సుబ్బయ్యని కూడా తీసుకుని వచ్చింది. అతను అరుగు మీద కూర్చుని పొడుం పీలుస్తూ, రేపు తను వేసుకోబోయే కోటు గురించి చెప్పాడు. క్లబ్బు సెక్రటరీ తనకి బాగా తెలుసునట, తను పక్కన ఉంటే కప్పు మనదేనట, ఏడు గంటలకల్లా తయారై వచ్చేస్తాడట. తలుపు వెనక ఉమ చేతిలో గ్లాసు వేడి తెలియలేదు. భర్త వద్దనలేదు. సుబ్బయ్య వెళ్లాక అన్నం వడ్డిస్తూ, మెల్లిగా, రేపు నేను కదండీ అంది.

అతను చారన్నం కలుపుకుంటూనే జవాబు చెప్పాడు. "నువ్వెందుకక్కడికి? దొరలుంటారు, వకీళ్లుంటారు. ఏదో పని జరగాలని అన్న మాట పట్టుకుని కూర్చుంటే ఎలా? ఆ చారు ఇంకొంచెం పొయ్యి."

ఆమె పోసింది. గరిటె కంచానికి తగిలి చప్పుడైతే, "నెమ్మదిగా," అన్నాడు. పని జరగాలని అన్న మాట. అంటే అడిగినప్పుడు అబద్ధం, మళ్లీ అడిగినప్పుడు కూడా అబద్ధం. ఆ అబద్ధం మీద తను ముప్పయి రోజులు మోకాళ్లు అరగదీసుకుంది. ఒక్కమాట ఎదురు చెప్పాలనుకుంది. బళ్లో చెయ్యెత్తబోయి దించుకున్నట్టే నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. కోపం కంటే సిగ్గెక్కువేసింది. నమ్మినందుకు.

సుబ్బయ్య పోతూ పోతూ ఇంకో మాట కూడా వదిలిపెట్టి పోయాడు. వచ్చేదారిలో కాలవ వంతెన దగ్గర ఒక శవయాత్ర అడ్డమొచ్చి, పక్కకి తప్పుకోవడానికి చోటు లేక అరమైలు దాని వెనకే నడిపించుకుంటూ వచ్చారట. చల్లిన పేలాలు బానెట్టు మీద కూడా పడ్డాయట. ఆ మాట రత్నాంబ చెవిన పడింది. కొడుకుని నూతి దగ్గర తలమీంచి పోసుకోమన్నారు. అతను పోసుకున్నాడు. ఆవిడకి అక్కడితో తీరలేదు.

తెల్లారి ఉమ వాకిలి చిమ్మబోయేసరికి, మైలదని రాత్రి సావిట్లోకి రానివ్వని కారు వీధిలోనే ఉంది. అత్తగారు దాని పక్కన నాలుగు బిందెల పసుపు నీళ్లు పెట్టుకుని నిలబడి ఉన్నారు. శవం వెనక నడిచిన మనిషికి స్నానం ఉన్నప్పుడు బండికి ఉండదా, ఇవాళ శుభమా అని బయల్దేరుతుంటే మైలతో ఎలా పంపిస్తాం అన్నారు. ఉమ చీపురు పక్కన పెట్టి, పైపైన తుడిస్తే సరిపోతుందండీ అంది. ఆవిడ అప్పటికే తోలు పటకా విప్పుతున్నారు.

"తల మీద పొయ్యకుండా స్నానం ఎలా అవుతుందమ్మాయ్? ఇదే కదా దీని తల."

"లోపల నీళ్లు పడకూడదండీ అత్తయ్యగారూ. మాగ్నెటో ఉంటుంది. బండి కదలదండీ."

"శాస్త్రం నాకు నువ్వు చెప్పాలా? పట్టుకో, బానెట్టు పట్టుకో."

ఉమ పట్టుకుంది. తన చేత్తో తనే ఎత్తి పట్టుకుంది. వేపపుల్లతో సందు సందూ తుడిచిన ఇంజను మీద అత్తగారు ఒక్కో బిందే నిదానంగా, మనిషికి పోసినట్టే, నదుల పేర్లు తలుచుకుంటూ పోశారు. పసుపు నీళ్లు ప్లగ్గుల గుంటల్లో నిలిచాయి, మాగ్నెటో మీంచి కారాయి, ఆఖర్న మిగిలినవి చల్లితే సీట్ల తోలు తడిపి కింద మడుగు కట్టాయి.

ఏడు గంటలకి సుబ్బయ్య బూడిదరంగు కోటులో వచ్చాడు. అరుగుల మీద ఇరుగు పొరుగు చేరారు. మామగారు పడక్కుర్చీ వీధిలోకి వేయించుకున్నారు. మల్లేశ్వరరావు సెల్ఫు బొత్తాం నొక్కాడు. కారు దగ్గినట్టు చప్పుడు చేసి ఊరుకుంది. మళ్లీ మళ్లీ నొక్కాడు. పదోసారికి బాటరీలో బలమంతా అయిపోయి టిక్కుమన్న చప్పుడే మిగిలింది. దిగి, ముందుకి వెళ్లి, హ్యాండిలు పెట్టి తిప్పాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎదురరుగు మీద ఎవరో నవ్వారు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాడు, కింద పసుపు నీళ్ల మడుగు చూసి.

ఉమ అత్తగారికేసి చూసింది. నేనేరా, నీళ్లు పోశాను అని ఆవిడ అంటారని. రత్నాంబ కళ్లు కారు మీద నించి కోడలి మీదకి వచ్చి ఆగాయి. "రోజూ అదేగా కెలికేది," అన్నారు.

"దాన్ని కాదు, దాని చేతికిచ్చాను చూడు, నన్ను అనాలి," అన్నాడు మల్లేశ్వరరావు, అన్ని అరుగులకీ వినబడేలా.

సుబ్బయ్య ఏలూరు మేస్త్రీకి కబురు పెడదామన్నాడు. మేస్త్రీ రైలు దిగేసరికి మధ్యాహ్నమవుతుందన్నారు మామగారు. ఉమ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏం చెయ్యాలో ఆ వీధి మొత్తం మీద తనొక్కదానికే తెలుసు. చెప్పకుండా లోపలికి వెళ్లి పప్పు వేయించుకోవచ్చు. కప్పు పోతుంది, పోనీ. అతని పరువు పోతుంది, పోనీ. రేపు మధ్యాహ్నం రెండు గంటలకి మాత్రం సుద్దపొడి గిన్నె అక్కడే ఉంటుంది. ఎల్లుండీ ఉంటుంది. కెలికేది అన్న మాట తన పేరు అయిపోతుంది, సరదా అన్న మాటలాగే. నెల్లాళ్ల తన పని ఆ బానెట్టు కింద తడిసి ముద్దై ఉంది. దాన్ని అలా వదిలెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మెట్లు దిగింది. మామగారి ఎదుట ఆమె వీధిలోకి రావడం అదే మొదటిసారి. ఎవరి మొహమూ చూడలేదు. బానెట్టు ఎత్తి, స్పానరు తీసి నాలుగు ప్లగ్గులూ విప్పింది. మాగ్నెటో మూత విప్పి, లోపలి తడిని పొడిగుడ్డతో అద్ది అద్ది తీసింది. ప్లగ్గులూ మూతా ఒక పళ్లెంలో వేసుకుని వంటింట్లోకి నడిచింది. అత్తగారు వెనకాలే వచ్చారు, ఆ మడ్డి సామాను నా కుంపటి మీదా అంటూ.

"స్నానం చేశాయి కదండీ అత్తయ్యగారూ. మైల లేదు," అంది ఉమ.

ఆ గొంతు తనదేనా అనిపించింది. మూతని సెగకి దూరంగా పట్టి ఆరబెట్టింది. ప్లగ్గుల్ని అప్పడాలు తిప్పినట్టు పట్టుకారుతో తిప్పుతూ, చెయ్యి పెడితే చురుక్కుమనేదాకా వేడి చేసింది. పళ్లెం పట్టుకుని పరుగు లాంటి నడకతో వచ్చి, ఎక్కడివక్కడ బిగించి, తీగలు తొడిగి, పటకా కట్టింది.

చెయ్యి గుడ్డకి తుడుచుకుంది. ఇంక లోపలికి వెళ్లడమే మిగిలింది. గడప దాకా దారి కాళ్లకి బాగా తెలుసు. మల్లేశ్వరరావు హ్యాండిలు పట్టుకుని, తను తప్పుకుంటుందని చూస్తున్నాడు. సుబ్బయ్య కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఉమ కారు ఎడమవైపుకి నడిచి, మోకాలెత్తున ఉండే ఆ చిన్న తలుపు తెరిచి, పక్క సీట్లో కూర్చుంది. తోలు ఇంకా తడిగానే ఉంది. చీర తడిసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు తిప్పండి," అంది.

అరుగుల మీద ఇద్దరు లేచి నిలబడ్డారు. మల్లేశ్వరరావు దగ్గరికి వచ్చి, పళ్ల మధ్య నించి, ముందు దిగు అన్నాడు.

"ప్లగ్గులు వేడి మీదున్నాయండీ. చల్లారితే మళ్లీ మొదటికొస్తుంది."

అతను సుబ్బయ్యకేసి చూశాడు, గడియారంకేసి చూశాడు, వెళ్లి వంగి తిప్పాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి ఇంజను అందుకుని గట్టిగా మోగింది. సీటు కింద నించి ఆ అదురు ఆమె వెన్నులోకి పాకింది. నాలుగు ప్లగ్గులూ పనిచేస్తున్నాయని చెవికే తెలిసింది. సుబ్బయ్య నవ్వుతూ వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. సరదా తీరిందా చెల్లెమ్మా, ఇంక మేం బయల్దేరతాం అన్నాడు.

ఉమ భర్తకేసి తిరిగి, అందరికీ వినబడేలా, నెమ్మదిగానే అడిగింది. "భీమడోలు దగ్గర ఆగిపోతే ఈయనకి చెయ్యడం వచ్చాండీ?"

సుబ్బయ్య తలుపు మీది చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి అత్తగారు, అమ్మాయ్ లోపలికి రా, నలుగురూ చూస్తున్నారు అని పిలిచారు. పప్పు నానబోసి ఉందండీ, అన్నం మీరు వండేసుకోండి అని ఉమ అక్కణ్నించే చెప్పింది. మామగారు పడక్కుర్చీలో కాలు మీద కాలు తీసేసి, ముందుకి వంగి కూర్చున్నారు.

మల్లేశ్వరరావు హ్యాండిలు చేత్తో పట్టుకుని, తన కారు పక్కనే, ఎవరైనా పిలిచేదాకా ఆగినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఎక్కండి," అంది ఉమ.